ఐస్‌లాండ్ లీగూ, అమ్మ కాకరకాయ వేపుడూ

ఆదివారం మధ్యాహ్నం మూర్తి అంకుల్ ట్రక్కు వేసుకుని వస్తారని, సోఫా ఒక్కటి ఆయనకి అప్పజెప్పేస్తే ఇంక ఇంట్లో పెద్ద సామానేమీ మిగలదని అమ్మ ఫోన్ చేసింది. డెట్రాయిట్ దగ్గర నోవైలోని మా ఇల్లు అమ్మేశారు. ఇన్నేళ్లూ డ్రైవ్‌వే మీద మంచు ఎత్తిపోసిన నాన్న నడుము మొన్నటి చలికాలంలో పూర్తిగా మొరాయించింది. డాక్టరు చెబితే వినని మనిషి, నడుము చెబితే విన్నాడు. ప్లేనోలో అక్క ఉండే వీధిలోనే చిన్న ఇల్లొకటి కొనుక్కున్నారు. నేను ఇక్కడికి దగ్గర్లోనే ఉంటాను కాబట్టి సామాను సర్దే పని నాది. టెక్సస్ నుంచి విమానం దిగి వచ్చి, నేను సరిగ్గా సర్దలేదని చెప్పే పని అక్కది. మా ఇంట్లో పనుల పంపకం మొదటినుంచీ ఇంతే.

సోఫా మీద కప్పిన దుప్పటి తీశాను. కాఫీరంగు గుడ్డ, ముగ్గురు కూర్చునే సోఫా. రెండు కుషన్లు బాగానే ఉన్నాయి. ఎడమ మూల కుషన్ మధ్యలో మాత్రం అన్నం పళ్లెమంత గుంట. అది మా నాయనమ్మ చోటు. ముఖం దగ్గరగా పెట్టి చూశాను. ఆవిడ మోకాళ్లకు రాసుకునే బామ్ వాసన ఇంకా వస్తుందేమోనని ఆశ. రాలేదు, దుమ్ము వాసన వచ్చి తుమ్మాను. ఈ సోఫా ఇప్పుడు కొత్తగా ఉద్యోగాలకి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ల అపార్ట్‌మెంట్‌కి వెళ్తోందట. వాళ్లు దీని మీద పడుకుంటారు, పిజ్జా తింటారు. దీని మీద కూర్చుని మేము ఒక వేసవి పొడుగునా ఐస్‌లాండ్ దేశపు ఆడవాళ్ల ఫుట్‌బాల్ లీగుని నడిపామంటే వాళ్లు నమ్ముతారా? కాళ్లు కదపకుండా, ఊపిరి బిగబట్టి నడిపాం.

అక్క పేరు లావణ్య. నాకంటే ఐదేళ్లు పెద్దది. నోవైలో మన పిల్లలందరినీ చిన్నప్పుడు శనివారాలు సాకర్‌లో వేసినట్టే దాన్నీ వేశారు. మిగతా పిల్లలంతా మిడిల్ స్కూల్‌కి వచ్చేసరికి లెక్కల పోటీలకీ వయొలిన్‌కీ తప్పుకున్నారు. ఇది తప్పుకోలేదు. ఆటమధ్యలో పిల్లలకి పంచే నారింజ ముక్కల వంతు అమ్మకి వచ్చినప్పుడు, ఒట్టివి ఏం తింటారని వాటి మీద ఉప్పూకారం చల్లి తీసుకెళ్లింది. కొందరు పిల్లలు ఏడ్చారు, కోచ్ మాత్రం ఇంకో రెండు ముక్కలు అడిగి తీసుకున్నాడు. అక్క డిఫెండర్. గోల్ వెయ్యడం దాని పని కాదు, ఎదుటివాళ్లని వెయ్యనివ్వకపోవడం దాని పని. ఇంట్లో కూడా దానిది అదే తత్వం. టీవీ రిమోట్ దాని చేతిలో పడితే మన చేతికి వచ్చేది కాదు.

కాలేజీ అయిపోతుండగా, దాని కోచ్‌కి తెలిసినవాళ్ల ద్వారా ఐస్‌లాండ్‌లో పై లీగులో ఆడే ఒక టీము నుంచి పిలుపొచ్చింది. చేపల రేవు ఉన్న చిన్న ఊరు. ఊరి పేరు నేను రాయను, రాసినా మీరు పలకలేరు, మేమూ ఏనాడూ పలకలేదు. ఆ వార్త అక్క భోజనాల దగ్గర చెప్పింది.

“ఐస్‌లాండా? మంచు మీద ఆడతారా?” అంది అమ్మ. కిటికీ అవతల మా పెరట్లో మోకాలి లోతు మంచు ఉంది.

“హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటుందా?” అన్నాడు నాన్న.

“ఆ దేశం ఎంతుంటుందిరా?” అంది నాయనమ్మ.

“దేశం మొత్తం కలిపినా మన గుంటూరు ఊళ్లో ఉన్నంతమంది ఉండరమ్మా.”

“మరి అన్ని టీములకి అంతమంది ఆడపిల్లలు ఎక్కడ దొరికారు?”

“దొరక్కేగా నాయనమ్మా నన్ను పిలుస్తున్నారు,” అంది అక్క, పప్పు వడ్డించుకుంటూ.

నాన్నది కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో క్వాలిటీ ఇంజినీరు ఉద్యోగం. ఒక బోల్టు విరిగితే ఎందుకు విరిగింది, ఆ కారణానికి వెనకున్న కారణం ఏమిటి అని తవ్వుకుంటూ పోవడమే ఆయన బతుకు. దాన్ని రూట్ కాజ్ అంటాడు. మా ఇంట్లో పాలు విరిగినా రూట్ కాజ్ తేలాల్సిందే. అప్పటికే అక్కకి డెట్రాయిట్‌లో ఒక మంచి ఆఫీసు ఉద్యోగం ఖాయమై ఉంది, అక్టోబర్‌లో చేరాలి. రెండు రోజులు ఆలోచించి నాన్న తన నిర్ణయం చెప్పాడు. ఒక్క సీజన్ ఆడుకో. మే నుంచి సెప్టెంబర్ దాకా. టీము పై లీగులో నిలబడితే ఇంకో ఏడాది ఆడుకోవచ్చు, ఆ ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. టీము కింది లీగుకి పడిపోతే మాత్రం మారు మాట్లాడకుండా వచ్చి ఉద్యోగంలో చేరాలి. అక్క చెయ్యి చాపింది. ఇద్దరూ షేక్‌హ్యాండ్ ఇచ్చుకున్నారు. నాన్న వదిలేసినా అది ఇంకాసేపు ఆయన చెయ్యి పట్టుకునే ఉంది. ఆ టీము అంతకుముందు ఏడాది చావుతప్పి కన్ను లొట్టపోయినట్టు ఆ లీగులో మిగిలిందన్న సంగతి మాత్రం అక్క నాన్నకి చెప్పలేదు.

ఇక్కడ మా నాయనమ్మ గురించి చెప్పాలి. నాకు ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయడం వచ్చిందంటే ఆవిడ తెనాలి నుంచి పెట్టెలో తెచ్చుకున్న పాత వారపత్రికల పుణ్యం. సీరియళ్ల మధ్యలో తప్పిపోయిన వారాల కథ ఆవిడే అల్లి చెప్పేది, అసలు కథకంటే అదే బాగుండేది. ఆవిడకి ఫుట్‌బాల్ తెలీదు. తెలిసిందల్లా క్రికెట్, అదీ రేడియోలో. తెనాలి ఇంట్లో కామెంటరీ వచ్చే రోజుల్లో ఇద్దరు బ్యాట్స్‌మన్‌లు నిలదొక్కుకున్నారంటే, “ఎక్కడివాళ్లు అక్కడే!” అని కేకేసేదట. ఆ కేక వినబడ్డప్పుడు ఎవరు ఎలా ఉంటే అలాగే ఉండాలి. తాతయ్య ఒకసారి సగం గడ్డం గీసుకుని, సబ్బు నురగతో సెంచరీ అయ్యేదాకా నిలబడ్డాడట. ఉత్తరం ఇవ్వడానికి వచ్చిన పోస్టుమాన్‌ని కూడా అరుగు మీద ఆపేశారట. అతను నవ్వుకుని స్కోరు కనుక్కుంటూ నిలబడ్డాడు తప్ప విసుక్కోలేదని ఆవిడ ప్రత్యేకంగా చెప్పేది. అప్పటి పోస్టుమాన్‌లకి ఆటంటే భక్తి అట.

మా సోఫా మరీ మెత్తన, ఆవిడ మోకాళ్లు మరీ మొండివి. ఒకసారి ఆ ఎడమ మూలలో కూలబడిందంటే, నాన్న వచ్చి రెండు చేతులూ పట్టుకుని లాగితే తప్ప లేవలేకపోయేది. లేచేటప్పుడు ప్రతిసారీ, “దీన్ని కొన్నవాణ్ణి అనాలి,” అనేది. కొన్నది నాన్నే.

అక్క వెళ్లింది. మొదటి మ్యాచ్ వచ్చింది. ఆ రోజుల్లో ఆ లీగు మ్యాచులు టీవీలో కాదు కదా, కంప్యూటర్లో కూడా కనిపించేవి కావు. లీగు వెబ్‌సైట్‌లో ఒక పేజీ ఉండేది. రెండు టీముల పేర్లు, మధ్యలో స్కోరు, కింద ఆటగాళ్ల పేర్ల పక్కన చిన్న చిన్న బొమ్మలు. గోల్ పడితే బంతి బొమ్మ, తప్పు చేస్తే పసుపు బిళ్ల. ఆ భాషలో అక్షరాలు తెలిసినట్టే ఉంటాయి కానీ కొన్ని కొమ్ములూ తోకలూ తగిలించుకుని మనల్ని వెక్కిరిస్తాయి. ఫ్యామిలీ రూమ్ మూల కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పేజీని మాటిమాటికీ రిఫ్రెష్ కొట్టడం నా ఉద్యోగం. మొదటి మ్యాచ్‌కి ఎవరి గోలలో వాళ్లు తిరిగారు. అక్క టీము చిత్తుగా ఓడింది. రెండో మ్యాచ్ ఆదివారం. వాళ్ల సాయంత్రం, మా మధ్యాహ్నం. నాన్న గ్రాసరీకి బయల్దేరి మెట్ల మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. అమ్మ స్టవ్ దగ్గర కాకరకాయలు వేయిస్తోంది. నాయనమ్మ సోఫా మూలలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నేను రిఫ్రెష్ కొట్టేసరికి మా టీము పేరు పక్కన సున్నా పోయి ఒకటి వచ్చింది.

“గోల్!” అని అరిచాను.

“ఎక్కడివాళ్లు అక్కడే!” అని నాయనమ్మ అంతకంటే గట్టిగా అరిచింది. తెనాలి నుంచి ఇన్ని వేల మైళ్లు వచ్చినా ఆ గొంతులో పదును పోలేదు.

నాన్న ఒక కాలికి బూటు, ఇంకో కాలికి మేజోడుతో ఆగిపోయాడు. అమ్మ అట్లకాడతో ఆగిపోయింది. ఆట అయ్యేదాకా అలాగే ఉన్నాం, ఒకటి-సున్నాతో గెలిచాం. ఇంకేముంది, అది శాసనమైపోయింది. ఆ వేసవి మ్యాచ్ ఉన్న ప్రతి రోజూ నాన్న ఒంటి బూటుతో మెట్ల మీద, అమ్మ కాకరకాయలతో స్టవ్ దగ్గర, నాయనమ్మ చిక్కుడుకాయలతో సోఫాలో, నేను కంప్యూటర్ ముందు. వారం మధ్యలో మ్యాచ్ పడితే నాన్న ఆఫీసులో పన్ను నొప్పి అని చెప్పి వచ్చేవాడు. ఆ ఏడాది ఆయన పళ్ల గురించి ఆఫీసులో అందరూ బెంగపడ్డారట. నాన్నకి కాకరకాయ అంటే గిట్టదు. “ఏమోయ్, బెండకాయతో ఓసారి టెస్ట్ చేద్దామా?” అని మెట్ల మీంచి బతిమాలితే, “మీ అమ్మాయి టీము ఓడితే నన్నడక్కండి,” అని అమ్మ బాండీ పెట్టేసేది. ఈ రోజుకీ ఐస్‌లాండ్ అని ఎక్కడైనా వినబడితే అందరికీ అగ్నిపర్వతాలు గుర్తొస్తాయట. నాకు మాత్రం నూనెలో మాడుతున్న కాకరకాయ ముక్కల చేదు వాసన ముక్కుకి తగులుతుంది.

అక్క ఆదివారాలు ఫోన్ చేసేది, కాలింగ్ కార్డు మీద. మ్యాచ్ రోజున ఇక్కడ ఎవరు ఎక్కడ కదలకుండా ఉంటున్నారో మేము పూసగుచ్చినట్టు చెబితే పడీపడీ నవ్వేది. అక్కడ జట్టులో అందరికీ పగటి ఉద్యోగాలు. గోల్‌కీపరు చేపల ఫ్యాక్టరీలో, గోల్స్ కొట్టే అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. పొద్దున డ్యూటీ, సాయంత్రం దేశంలోకెల్లా పెద్ద లీగు మ్యాచ్. అక్క మధ్యాహ్నాలు ఊళ్లో చిన్నపిల్లలకి ఆట నేర్పేది. గాలికి బంతి కొట్టినవాళ్ల దగ్గరికే తిరిగొచ్చేదట. జనం చలికి కార్లు గ్రౌండు చుట్టూ నిలబెట్టుకుని, అద్దాలు ఎత్తుకుని లోపల కూర్చునే మ్యాచ్ చూస్తారట. గోల్ పడితే చప్పట్లు ఉండవు, అందరూ కలిసి హారన్లు కొడతారట. కార్ల కంపెనీ మనిషి కదా, నాన్న ఆ మాటకి పొంగిపోయాడు. ఆ తర్వాత గెలిచిన ప్రతిసారీ ఒంటి బూటుతోనే గరాజులోకి కుంటుకుంటూ వెళ్లి హారన్ కొట్టి వచ్చేవాడు. పక్కింటాయన రెండుసార్లు వచ్చి కారు బాగానే ఉందా అని అడిగి వెళ్లాడు.

నాయనమ్మకి మాత్రం ఫోన్ ఇస్తే ఒకటే ప్రశ్న. “చేపలెలా ఉన్నాయే?” తెనాలి వదిలాక మంచి చేప తినలేదని ఆవిడ దిగులు. ఫ్యాక్టరీ అమ్మాయి ఊరికే ఇచ్చిన చేపతో పులుసు ఎలా పెట్టాలో ఫోన్లో చెప్పింది, చింతపండు పార్సిల్ చేయించింది. ఆ పులుసు తిని జట్టంతా ముక్కులు కారుస్తూ రెండోసారి వడ్డించుకున్నారని అక్క చెబితే, అది గోల్ ఆపిన ఏ రోజూ పడనంత సంబరపడింది నాయనమ్మ. “చూశావా, వాళ్లకి బలం ఎక్కడినుంచి వస్తోందో!” అంది నాన్నతో. పేజీ మీద అక్క పేరు పక్కన పసుపు బిళ్ల వచ్చిన రోజున, “అదేమిటే?” అని నన్నడిగింది.

“ఎవరినో కాలితో పడేసుంటుంది నాయనమ్మా. తప్పు చేసినందుకు అది ఇస్తారు.”

“ఇస్తే ఇచ్చారు. దాని జోలికెవరు రమ్మన్నారు?”

ఆ వేసవిలో బలైపోయింది మూర్తి అంకుల్. నాన్న స్నేహితుడు, చెప్పాపెట్టకుండా వచ్చి పోయే చనువు. ఒకరోజు ఆయన తీసుకెళ్లిన డ్రిల్లు తిరిగిద్దామని మ్యాచ్ మధ్యలో తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టారు. నేను రిఫ్రెష్ కొట్టాను, ఎదుటివాళ్లకి గోల్ పడింది. యాదృచ్ఛికం అనుకున్నాం. మళ్లీ రెండు వారాలకి ఆయన మామిడిపళ్ల పెట్టె పట్టుకొచ్చారు, మళ్లీ గోల్. “ఐరన్ లెగ్గయ్యా నీది,” అని నాయనమ్మ ఆయన మొహం మీదే చెప్పింది. ఆయన చిన్నబుచ్చుకోలేదు. అది మొదలు మా ఇంటి గుమ్మం ఎక్కే ముందు, “లోపలికి రావచ్చా? మ్యాచ్ ఏమైనా ఉందా?” అని అడగడం అలవాటు చేసుకున్నారు. జనవరిలో కూడా అడిగేవారు.

సెప్టెంబర్‌కి వచ్చేసరికి సంగతి చివరి మ్యాచ్ మీద ఆగింది. డ్రా అయినా చాలు, అక్క టీము పై లీగులో ఉంటుంది. ఓడితే కిందికి. నాన్న ఆ వారమంతా ఏమీ అనలేదు కానీ, డెట్రాయిట్ ఆఫీసు నుంచి అక్క పేరున వచ్చిన కవరుని ఫ్రిజ్ మీద బోర్లించి పెట్టాడు. ఆయన ఏం కోరుకుంటున్నాడో నాకు అర్థమయ్యేది కాదు. ఆయనకీ అర్థమైనట్టు లేదు. మ్యాచ్ రోజు మేము ముందే మా చోట్లలో సర్దుకున్నాం. మా టీమే మొదట గోల్ కొట్టింది, తర్వాత వాళ్లూ కొట్టారు. ఒకటి-ఒకటి. చివరి నిమిషాల్లోకి వచ్చింది. నేను రిఫ్రెష్ కొట్టాను, ఒకటి-ఒకటి. మళ్లీ కొట్టాను, అదే. పేజీలో నిమిషాల అంకె కూడా కదలడం లేదు.

“పేజీ ఆగిపోయింది,” అన్నాను.

“కాఫీకి వెళ్లుంటాడు ఆ రాసేవాడు. ఇంతకుముందూ ఇలాగే అయింది కదా. కొడుతూ ఉండు,” అన్నాడు నాన్న.

“ఎవరూ కదలొద్దు,” అంది నాయనమ్మ.

మేము కదల్లేదు. కాకరకాయ ముక్కలు వేగాయి, ఎర్రబడ్డాయి, నల్లబడ్డాయి. స్టవ్ కట్టేస్తే వేపుడు ఆగినట్టు లెక్క, ఆట ఆగకుండా వేపుడు ఎలా ఆపుతామని అమ్మ వాదన. పొగ లేచింది. ఇంట్లో స్మోక్ అలారం కుయ్యో మొర్రో అని మొదలుపెట్టింది. అమ్మ పాదాలు ఉన్నచోటే ఉంచి, భుజం మీది తువ్వాలు తీసి నెత్తి మీద గిరగిరా తిప్పింది. చేతులు కదపొచ్చా కదపకూడదా అని నాన్న మెట్ల మీంచి అడిగాడు. చేతులకి దోషం లేదని నాయనమ్మ తేల్చింది. ఎట్టకేలకి అలారం నోరు మూసింది. ఆ నిశ్శబ్దంలో ఫోన్ మోగింది.

ఫోన్ వంటింటి గోడకి అవతలి పక్క ఉంది. ఎవరు ఎత్తాలన్నా లేవాలి. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పేజీలో ఇంకా ఒకటి-ఒకటే. అంటే ఆట నడుస్తోంది, అంటే అక్క గ్రౌండులో ఉంది, అంటే ఇది ఎవరో అమ్మకాల ఫోన్. నాన్న లాజిక్ అది, మేమందరం తలలూపాం. మోగి మోగి ఆన్సరింగ్ మెషీన్ అందుకుంది. ముందు నాన్న గొంతు, మేము ఇంట్లో లేము, సందేశం చెప్పండి అని ఇంగ్లిష్‌లో. తర్వాత అక్క గొంతు.

“అమ్మా... నాన్నా... ఎవరైనా పికప్ చెయ్యండి.” వెనక గాలి హోరు. “ఓడిపోయాం. లాస్ట్ మినిట్‌లో. వాళ్లు కొట్టిన బాల్ నా కాలికి తగిలే లోపలికి వెళ్లింది నాన్నా. నా కాలికే. నా వల్లే అందరం కిందికి వెళ్లిపోతున్నాం.” కొంతసేపు ఏడుపు తప్ప ఏమీ లేదు. “ఎవరూ లేరా? ఇవాళ మ్యాచ్ చూడలేదా? ఎక్కడికెళ్లారు అందరూ? సరే. అక్టోబర్‌లో వచ్చేస్తా. ప్రామిస్ చేశాగా.”

కంప్యూటర్లో ఇంకా ఒకటి-ఒకటే.  అంత పెద్ద ఇంట్లో నలుగురం ఉండి, ఆ పిల్ల ఎవరూ లేరని ఏడుస్తుంటే విన్నాం. నా జీవితంలో అంత సిగ్గుగా, అంత ప్రేమగా, రెండూ ఒకేసారి నాకెప్పుడూ అనిపించలేదు.

ముందు తేరుకున్నది నాయనమ్మే. “ఒరేయ్, చెయ్యందుకోరా!” అంది. నాన్న ఒంటి బూటుతో టకటకమని దిగి వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టి లాగాడు. చిక్కుడుకాయలు కార్పెట్ మీద చెల్లాచెదురయ్యాయి. అక్క పెట్టేసేలోపే అమ్మ పరుగున వెళ్లి ఫోన్ ఎత్తి స్పీకర్ నొక్కింది. నాయనమ్మ గోడ పట్టుకుంటూ చేరుకుంది.

“ఏమే, నేను. విను. ఏడవకు, విను. తప్పు నీది కాదు, నాది. నేను లేచాను.”

“ఏంటి నాయనమ్మా?”

“కాళ్లు తిమ్మిరెక్కాయి. ఆట అవకముందే సోఫాలోంచి లేచాను. మీ నాన్న వద్దు వద్దని మొత్తుకుంటూనే ఉన్నాడు, నేను వింటేనా? నేను లేచిన నిమిషానికే నీకక్కడ గోల్ పడింది. కావాలంటే బుజ్జినడుగు.”

అందరూ నావైపు చూశారు. “అవునక్కా, లేచింది,” అన్నాను. దేవుడి గూటి పక్కనే నిలబడి ఉన్నాను కానీ గొంతు తడబడలేదు.

 అటునుంచి ఏదో చప్పుడొచ్చింది, ఏడుపో నవ్వో తెలియలేదు. “ఎందుకు లేచావు నాయనమ్మా!” అంది అక్క.

“బుద్ధిలేక లేచానే.”

అప్పుడు నాన్న ముందుకొచ్చాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఆఫీసు మీటింగుల్లో మాట్లాడే గొంతుతో, “చూడమ్మా, రూట్ కాజ్ దొరికింది. ప్రాబ్లమ్ నీ సైడ్ కాదు, మా సైడ్. కాబట్టి ఈ సీజన్ లెక్కలోకి రాదు,” అన్నాడు.

“అంటే?”

“అంటే, వచ్చే సీజన్‌కి మీ నాయనమ్మని సోఫాకి కట్టేస్తాం. నువ్వు వెళ్లి ఆడు.”

“కింది లీగులోనా?”

“ఏ లీగైతే ఏం? నువ్వు ఇప్పుడు ఇంటికి రా, తిని పడుకో. మేలో వెళ్లు.” ఫోన్ పెట్టేశాక ఫ్రిజ్ మీది కవరు తీసుకుని పైకి వెళ్లిపోయాడు, ఒక కాలు టక్కుమంటూ, ఒక కాలు చప్పుడు లేకుండా. ఆ రాత్రి భోజనంలో మాడిన కాకరకాయ ముక్కలు ఎవరూ అడక్కుండానే వడ్డించుకున్నాం. నాన్న కూడా తిన్నాడు.

అక్క మరుసటి ఏడు కింది లీగులో ఆడింది. ఆ పై ఏడు జట్టు మళ్లీ పైకి వచ్చింది. ఇంకొన్ని వేసవులు నాన్న పళ్లు నొప్పెట్టాయి. నాయనమ్మ ఆ సోఫాలోనే మరి కొన్నేళ్లు కూర్చుంది. ఆవిడ పోయాక ఎడమ మూలలో కూర్చోవద్దని ఎవరూ చెప్పలేదు, ఎవరూ కూర్చోలేదు కూడా. అక్క ఆట మానేసి ప్లేనోలో స్థిరపడి, సాయంత్రాలు ఆడపిల్లలకి కోచింగ్ ఇస్తోంది. “నాయనమ్మ ఆ రోజు లేవకపోయుంటే...” అని మా పిల్లలకి కథగా చెప్పి నవ్విస్తుంటుంది. అది చెప్పినప్పుడల్లా నేను తల వంచుకుని ప్లేట్లో అన్నం కలుపుకుంటాను. ఆవిడ లేవలేదన్న మాట ఇన్నేళ్లలో బయట పెట్టలేదు.

ఇప్పుడా లీగుని ఫోన్లోనే చూడొచ్చు. ఆదివారం అక్క ఖాళీ ఇంట్లో తన ఫోన్‌ని ఒక అట్టపెట్టెకి ఆనించి పెట్టింది. దాని పాత టీము మ్యాచ్. పచ్చటి గ్రౌండు, గాలికి తెగ కొట్టుకుంటున్న మూల జెండా, అవతల చుట్టూ వరసగా కార్లు. ఆ కార్లని నేను చూడటం అదే మొదలు. అప్పట్లో మాకు ఒక అంకె తప్ప ఏమీ కనిపించేది కాదు. ఇప్పుడు చెమట బొట్టు కూడా కనిపిస్తోంది, మనం మాత్రం మధ్యలో మెసేజులు చూసుకుంటాం. అప్పటి చూపే నాకు నచ్చుతుంది, అందులో కాకరకాయ ఉన్నా సరే. నాన్న బయటికి వెళ్దామని మెట్ల మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. అమ్మ వంటింట్లో ఆఖరి గిన్నెలు కాగితాల్లో చుడుతోంది. అక్క సోఫాలో కుడివైపు కూర్చుని, ఎడమ మూల గుంట మీద చెయ్యి వేసింది.

“లేచిందట!” అంది నెమ్మదిగా.

“ఏంటి?” అన్నాను.

“నాయనమ్మ. ఆ రోజు లేచిందట. ఆవిడ లేవాలంటే నాన్న రావాలి. నాన్న ఒంటి బూటుతో మెట్లు దిగాలి. అంటే ఇల్లంతా కదలాలి. ఇల్లంతా కదిలుంటే ఒక్కరైనా మెషీన్ అందుకోకముందే నా ఫోన్ ఎత్తేవాళ్లు కదే బుజ్జీ!”

నేను నోరు వెళ్లబెట్టాను. “నీకు తెలుసా?”

“ముందు ఎవరూ లేరనే ఏడ్చాను. ఆవిడ లేచానని అనగానే అర్థమైంది. మీరంతా అక్కడే ఉన్నారు. ఫోన్ అలా మోగుతున్నా ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు, నా కోసం.” అరచేత్తో ఆ గుంటని నిమిరింది. “ఆ ఒక్క మాట మీద ఇంకో సీజన్ కాదు, ఎన్ని సీజన్లు చెప్పినా ఆడేదాన్ని.”

మెట్ల మీద నాన్న రెండో బూటు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వంటింట్లో కాగితం చప్పుడు ఆగింది. ఫోన్లో ఆట చివరి నిమిషాలకి వచ్చింది, ఒకటి-ఒకటి. సరిగ్గా అప్పుడే బయట ట్రక్కు ఆగింది. తెరిచి ఉన్న తలుపు దగ్గర మూర్తి అంకుల్ తెల్లబడ్డ తల లోపలికి పెట్టారు.

“లోపలికి రావచ్చా? మ్యాచ్ ఏమైనా ఉందా?”

“ఉంది అంకుల్, అక్కడే ఆగండి,” అంది అక్క, గుంట మీద చెయ్యి తియ్యకుండా.

ఆయన గుమ్మం అవతలే ఆగిపోయారు. మేమూ కదల్లేదు.